35 బార్ పెట్ బ్లోయింగ్ మెషిన్‌కి క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్: ఏది తీసుకోవాలి?

సోడాబాబు_తెనాలి

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర చిన్న సోడా యూనిట్. రెండు క్యావిటీల సెమీ ఆటోమేటిక్ పెట్ బ్లోయింగ్ మెషిన్ ఉంది, అంటే ఒకేసారి రెండు ప్లాస్టిక్ బాటిళ్లు గాలితో ఊదేది. ఇన్నాళ్లూ దాని మీద అరలీటరు నీళ్ల బాటిళ్లే, 25 బార్‌లో ఊదుకుంటూ వచ్చాం. ఏ గొడవా లేదు. ఈ వేసవికి నిమ్మసోడా, పన్నీరు సోడా కూడా సొంత బాటిల్లోనే పోద్దామని 600 మిల్లీ సోడా మోల్డ్ చేయించాం, కింద ఐదు కాళ్లు ఉండే రకం. ఆ కాళ్లు 25 బార్‌లో సరిగ్గా దిగట్లేదు. ప్రెషర్ 35కి పెంచితే కాళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి.

తంటా అంతా ఆ తర్వాతే. మోల్డ్ తెరుచుకునేసరికి బాటిల్లో ఇంకా గాలి ఉంటోంది. కొన్నిటికి అడుగు మధ్యలో ఉబ్బి, బల్ల మీద పెడితే ఊగుతున్నాయి. అప్పుడప్పుడూ ఒకటి ఢామ్మని పేలుతోంది. మెషిన్ మీద ఉండే కుర్రాడు భయపడి పక్కకి నిలబడి బటన్ నొక్కుతున్నాడు. ఎగ్జాస్ట్ టైమర్ 2 సెకన్లు ఉంది. దాన్ని 4 చేస్తే సమస్య పోతుంది కానీ గంటకి పడే బాటిళ్లు బాగా తగ్గిపోతున్నాయి. సీజన్లో అది మాకు గిట్టుబాటు కాదు.

మా మెకానిక్ చూసి "క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకటి వేస్తే సరిపోద్ది" అన్నాడు, లోపలి గాలిని అక్కడికక్కడే గబుక్కున బయటికి వదిలేదట. గుంటూరులో అడిగితే అరంగుళం ఇత్తడిది చూపించాడు. ఒంటి మీద 10 బార్ అని ఉంది. అదేంటంటే, "గాలే కదండీ, ఆయిలా? ఏం కాదు, వేసుకోండి" అన్నాడు. పనికి రాకపోతే వాపసు ఇవ్వచ్చన్నాడు, తెచ్చి ఆఫీసులో పెట్టాను. ఇంకా బిగించలేదు.

మెషిన్ వివరాలు: ప్రీ-బ్లో (మొదట తక్కువ ప్రెషర్‌తో ఊదేది), హై-బ్లో (తర్వాత పూర్తి ప్రెషర్‌ది), ఎగ్జాస్ట్ మూడూ విడివిడి 2/2 వాల్వులు (తెరవడం, మూయడం మాత్రమే చేసేవి), ఒకే బ్లాక్ మీద ఉన్నాయి. బ్లాక్ నుంచి మోల్డ్ పైనున్న నాజిల్ దాకా అరంగుళం హోస్, మీటరున్నర ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పోర్టు మూడు సూత్రాలది (3/8 అంగుళం), దానికి ఇత్తడి సైలెన్సర్. రిసీవర్ మీద సేఫ్టీ వాల్వు 40కి సెట్ చేసి ఉంది.

ఏ వాల్వు తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి? ధర కన్నా ముందు అసలు ఇది పనిచేస్తుందో లేదో చెప్పండి.

లారీబ్రేకు_ఆటోనగర్

బాబు గారూ, మీకు కావాల్సింది మా దగ్గర రోజూ చేసే పనే. లారీ ఫ్రంట్ యాక్సిల్ మీద క్విక్ రిలీజ్ వాల్వు ఉంటుంది. డ్రైవరు పెడల్ మీంచి కాలు తియ్యగానే బ్రేక్ చాంబర్లో గాలి వెనక్కి పెడల్ దాకా పోకుండా అక్కడికక్కడే బయటికి పోతుంది. లోపల ఒక డయాఫ్రమ్, అంతే. విజయవాడ ఆటోనగర్లో ఎక్కడైనా దొరుకుతుంది, చవక. రిపేరు కిట్టు కూడా దొరుకుతుంది. అది ప్రయత్నించి చూడండి.

పాత_ఫిట్టర్

లారీ అన్న చెప్పిన పని తీరు నూటికి నూరుపాళ్లు కరెక్టు. వాల్వు మాత్రం వద్దు. లారీ ఎయిర్ సిస్టమ్ నడిచేదే 8 బార్ అటూ ఇటుగా. ఆ డయాఫ్రమ్ దానికి కోసినది. సోడాబాబు గారి దగ్గర ఉన్నది దానికి నాలుగు రెట్లు.

నేను బాలానగర్లో హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్ పనిలో చాలాకాలం నుంచి ఉన్నాను. పెట్ మెషిన్లు చేతికి బాగానే తగిలాయి. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 10 బార్ వాల్వు సంగతి. షాపతను "గాలే కదా" అన్నాడు చూడండి, అసలు భయపడాల్సింది అందుకే. నూనె దాదాపు అణగదు. 35 బార్ నూనె లీకైతే చిమ్ముతుంది, వెంటనే ప్రెషర్ పడిపోతుంది. గాలి అణిగి కూర్చుని ఉంటుంది. బాడీ పగిలితే ఆ అణిగినదంతా ఒక్కసారి విచ్చుకుని ముక్కల్ని విసిరేస్తుంది. 10 బార్ అని రాసిన వాల్వుని కంపెనీవాళ్లు సాధారణంగా ఒకటిన్నర రెట్ల దాకా పరీక్ష పెడతారు. అంటే 15. మీరు 35 ఇస్తారు.

బాడీ తట్టుకుందనే అనుకుందాం. లోపలి రబ్బరు తట్టుకోదు. ఆ వాల్వు విప్పి చూస్తే గిన్నె ఆకారంలో ఒక నైట్రైల్ రబ్బరు సీల్ ఉంటుంది. గాలి లోపలికి వచ్చేటప్పుడు దాని అంచులు ముడుచుకుని దారిస్తాయి, మధ్యభాగం ఎగ్జాస్ట్ రంధ్రానికి అతుక్కుని మూసేస్తుంది. లోపలికి వచ్చే వైపు ప్రెషర్ పడిపోగానే సీల్ వెనక్కి జరిగి ఇన్‌లెట్‌ని మూసి ఎగ్జాస్ట్‌ని తెరుస్తుంది. ఇంతే మెకానిజం, స్ప్రింగు కూడా చాలావాటికి ఉండదు. ఇప్పుడు ఎగ్జాస్ట్ రంధ్రం 15 మిల్లీమీటర్లు అనుకోండి. 35 బార్‌లో ఆ రబ్బరు మధ్యభాగం మీద పడే బరువు 60 కిలోల పైమాటే. మెత్తటి రబ్బరు ఆ రంధ్రంలోకి సాగి దిగుతుంది, అంచున కోసుకుంటుంది. కొన్ని షిఫ్టులు పనిచేసి, ఒకరోజు ముక్క ఊడి సైలెన్సర్లోకో, అంతకంటే ఘోరంగా బాటిల్లోకో పోతుంది. ఎక్కువ ప్రెషర్‌కి చేసినవాటిలో గిన్నె రబ్బరు ఉండదు. లోహపు పాపెట్ (మూతలా కదిలే బిళ్ల), దానికి గట్టి పాలీయురిథేన్ లేదా టెఫ్లాన్ సీటు ఉంటాయి.

కాబట్టి మొదట చూడాల్సింది ప్రెషర్ రేటింగ్. మీరు నడిపేది 35 కదా అని 35ది కొనకండి. మీ లైన్లో ఎంతవరకు రావచ్చో దానికి కొనాలి. సేఫ్టీ వాల్వు 40కి సెట్ అన్నారు, అంటే రెగ్యులేటర్ మొరాయించిన రోజు 40 వస్తుంది. 40కి తగ్గకుండా, వీలైతే 50 బార్ రేటింగ్ ఉన్నది తీసుకోండి. పెట్ బ్లోయింగ్ కోసమనే ఈ స్థాయి వాల్వులు చేసేవాళ్లున్నారు. ఎస్‌ఎంసీ అనే జపాన్ కంపెనీలో వీసీహెచ్ అనే సిరీస్ 5 మెగాపాస్కల్‌కి, అంటే 50 బార్‌కి. వాటికి జోడీగా అదే ప్రెషర్ సైలెన్సర్లు కూడా ఉన్నాయి. అదే కొనమని కాదు, అడిగేటప్పుడు ఏ తరగతి వస్తువు అడుగుతున్నారో షాపతనికి అర్థం కావడానికి చెప్తున్నా.

ఇక రెండోది, అందరూ పొరపడేది. "అరంగుళం వాల్వు" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. మర సైజు అరంగుళం ఉండి లోపల దారి 8 మిల్లీమీటర్లే ఉన్న వాల్వులు బోలెడు. అడగాల్సింది ఫ్లో. క్యాటలాగ్‌లో సీ అని గానీ సీవీ అని గానీ ఉంటుంది. సీవీ ఇస్తే సుమారు నాలుగుతో గుణించండి, సీ వస్తుంది. దాని అర్థం: వెనక ఒక్కో బార్‌కి సెకనుకి ఎన్ని లీటర్ల గాలి పోతుందో. ఇన్‌లెట్ నుంచి సిలిండర్‌కి ఒక అంకె, సిలిండర్ నుంచి ఎగ్జాస్ట్‌కి ఒక అంకె ఉంటాయి. సిలిండర్ అంటే మీ దగ్గర బాటిల్ వైపు. మీకు కావాల్సింది రెండోది. సేల్స్‌వాళ్లు ఏది పెద్దదైతే అది చదువుతారు.

మీ లెక్క వేసి చూపిస్తా. రెండు బాటిళ్లు 1.2 లీటర్లు. మీటరున్నర హోస్‌లో 190 మిల్లీ, నాజిల్ దారుల్లో ఓ వంద. మొత్తం 1.5 లీటర్లు. 35 బార్ గేజీ అంటే, బయటి గాలి ప్రెషర్ 1 బార్ కూడా కలిపితే, అబ్సల్యూట్‌లో 36. అంటే మామూలు గాలి 54 లీటర్లు ఆ చిన్న సైలెన్సర్ గుండా బయటికి రావాలి. బాటిల్లో ప్రెషర్ సుమారు 1.9 అబ్సల్యూట్‌కి దిగేదాకా గాలి ధ్వని వేగంతో పోతుంది, అంతకంటే వేగంగా ఎవరూ పంపలేరు. ఆ దశలో ప్రెషర్ తరిగే తీరు ఒకటే: ఘనపరిమాణాన్ని సీతో భాగించండి. అన్ని సెకన్లకోసారి ప్రెషర్ 37 శాతానికి పడుతూ పోతుంది.

మీ మూడు సూత్రాల పోర్టు, మీటరున్నర హోస్, వాడిన సైలెన్సర్ అన్నీ కలిపితే సీ 2 ఉంటుందనుకుందాం. 1.5 భాగం 2 అంటే 0.75 సెకను. మీ 2 సెకన్ల టైమర్ అయ్యేసరికి 36 కాస్తా 2.5 అవుతుంది. అంటే గేజీలో ఒకటిన్నర బార్ ఇంకా లోపలే ఉంది. 65 మిల్లీమీటర్ల బాటిల్ అడుగు మీద ఒకటిన్నర బార్ అంటే 50 కిలోలు. ఇంకా వేడిగా ఉన్న ప్లాస్టిక్ మీద 50 కిలోలు పడితే ఉబ్బక ఏం చేస్తుంది?

అదే లెక్క మీ పాత నీళ్ల బాటిల్‌కి వేయండి: 1.3 లీటర్లు, 26 అబ్సల్యూట్. 2 సెకన్లకి 1.2 మాత్రమే మిగులుతుంది, అంటే గేజీలో 0.2. అందుకే అప్పుడు మీకు ఏ గొడవా రాలేదు. మెషిన్ చెడిపోలేదు, మోల్డ్ తప్పు కాదు. ఉన్న ఎగ్జాస్ట్ దారి ఆ పాత పనికి చాలింది, ఈ కొత్త పనికి చాలట్లేదు.

ఇప్పుడు బాటిళ్ల పక్కనే సీ 8 ఉన్న వాల్వు పెట్టారనుకోండి. బాటిల్ వైపు 1.3 లీటర్లే లెక్కకి వస్తుంది. 1.9కి దిగడానికి అర సెకను చాలదు, చాలు. ఆఖర్న నెమ్మదిగా పోయే తోక, వాల్వు కదిలే సమయం కలుపుకున్నా ముప్పావు సెకను. టైమర్ 1 సెకనుకి తెచ్చుకోవచ్చు, ఇప్పుడున్న 2 కంటే కూడా మెరుగు.

కొనే ముందు ఒక పని చేయండి. లైన్ మొత్తం డ్రెయిన్ చేసి, గేజీ సున్నా చూసి, ఎగ్జాస్ట్ సైలెన్సర్ విప్పండి. ఇత్తడి గుళికలు కాల్చి చేసిన రకమైతే వెలుతురుకి పెట్టి చూడండి, ఊది చూడండి. కంప్రెసర్ నూనె, దుమ్ము పట్టి సగం మూసుకుపోయి ఉంటే మీ సమస్యలో సగం అక్కడే ఉంది.

సోడాబాబు_తెనాలి

ఫిట్టర్ గారూ, చాలా థాంక్సండీ. లెక్క చూశాక అర్థమైంది, "అర సెకను చాలదు, చాలు" అన్న దగ్గర మాత్రం తికమక పడ్డాను.

సైలెన్సర్ విప్పాం. నల్లగా, జిడ్డుగా ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి ఊదితే కొంత వదిలింది. తిరిగి పెట్టి నడిపితే పేలడం తగ్గింది కానీ ఉబ్బడం పూర్తిగా పోలేదు. కాబట్టి వాల్వు కొనడం ఖాయమే.

రెండు సందేహాలు. ఒకటి, ఈ వాల్వు బ్లాక్ దగ్గర పెట్టాలా, మోల్డ్ దగ్గరా? మెకానిక్ బ్లాక్ దగ్గరే వీలంటున్నాడు. రెండు, ప్రీ-బ్లో 8 బార్‌తో వస్తుంది, ఆ తర్వాత హై-బ్లో 35. మధ్యలో ఈ వాల్వు తెరుచుకుని గాలి వదిలేయదా?

పాత_ఫిట్టర్

అర సెకనుకి కాస్త తక్కువే పడుతుంది అని నా ఉద్దేశం. 0.48 వస్తుంది లెక్కలో.

మోల్డ్ దగ్గరే, ఇంకో మాట లేదు. బ్లాక్ దగ్గర పెడితే 54 లీటర్లూ ఆ హోస్ గుండానే వెనక్కి నడిచి రావాలి. అప్పుడు ఎంత మంచి వాల్వు కొన్నా హోస్ ఎంత వదిలితే అంతే. మోల్డ్ పక్కన, నాజిల్ బ్లాక్‌కి నేరుగా బిగిస్తే బాటిల్ గాలి హోస్ ముఖం చూడకుండానే బయటికి పోతుంది. హోస్‌లో ఉన్న 190 మిల్లీ మాత్రం పాత ఎగ్జాస్ట్ వాల్వు గుండా పోవాలి. అది చిటికెలో పని.

ఆ చిటికె కూడా ముఖ్యమే సుమా. క్విక్ ఎగ్జాస్ట్ వాల్వు తనంతట తాను తెరుచుకోదు. హోస్ వైపు ప్రెషర్ బాటిల్ వైపు కంటే తగ్గాలి, అదీ చురుగ్గా తగ్గాలి. నెమ్మదిగా కారుతూ తగ్గితే పాపెట్ మధ్యలో వేలాడుతూ గుర్రు పెడుతుంది, సీటు అరుగుతుంది. కాబట్టి పాత ఎగ్జాస్ట్ వాల్వు మీద స్క్రూ ఉన్న సైలెన్సర్ గానీ, దారిలో ఫ్లో కంట్రోల్ గానీ ఉంటే తీసెయ్యండి. పాతది తీసేసి దీన్ని పెడదామని కూడా అనుకోకండి, పాతది ఉంటేనే ఇది పనిచేస్తుంది.

ప్రీ-బ్లో ప్రశ్న మంచి ప్రశ్న. మీ మెషిన్లో మూడూ విడివిడి వాల్వులు కాబట్టి ప్రీ-బ్లో మూసుకున్నా హోస్‌లో 8 బార్ అలాగే నిలబడి ఉంటుంది, ఎటూ పోదు. తర్వాత 35 వచ్చి పైన కూర్చుంటుంది. ప్రెషర్ పెరగడమే తప్ప తగ్గడం లేదు కాబట్టి వాల్వు తెరుచుకోదు. తెరుచుకుంటే మటుకు మూడింట్లో ఒకటి అనుకోండి: పాత ఎగ్జాస్ట్ వాల్వు లీకవుతోంది, ప్రీ-బ్లో లైన్లో నాన్ రిటర్న్ వాల్వు (గాలిని వెనక్కి పోనివ్వనిది) పట్టట్లేదు, లేదా ఎగ్జాస్ట్ టైమర్ ముందే తన్నుతోంది. నాన్ రిటర్న్ వాల్వు మాత్రం ఎలాగూ ఇప్పుడే చూసుకోండి. అది వదిలితే 35 బార్ మీ 8 బార్ లైన్లోకి వెళ్తుంది. అక్కడి పుష్-ఫిట్టింగులు, నీలం ట్యూబులు అన్నీ 10 బార్ సరుకే.

ఇంకో దారి కూడా ఉంది. 50 బార్ క్విక్ ఎగ్జాస్ట్ వాల్వు దొరకడానికి వారాలు పడితే, అదే రేటింగ్‌లో పెద్ద 2/2 పైలట్ వాల్వు (చిన్న గాలి సిగ్నల్‌తో కదిలేది), నార్మల్లీ ఓపెన్ రకం, మోల్డ్ పక్కన పెట్టి దాన్నే ఎగ్జాస్ట్‌కి వాడండి. కరెంటు పోయినా, పైలట్ గాలి పోయినా అది తెరుచుకునే ఉంటుంది, బాటిల్లో ప్రెషర్ నిలవదు. ఎప్పుడు తెరవాలో టైమర్ చేతిలో ఉంటుంది. పైలట్ ట్యూబు ఒకటి అదనంగా లాగాలి, ధర కూడా ఎక్కువే. నన్నడిగితే కొత్త మెషిన్ కట్టేటప్పుడు ఇదే పెడతాను. ఉన్న మెషిన్‌కి మాత్రం క్విక్ ఎగ్జాస్ట్ వాల్వే సులువు, వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు.

బ్లోమోల్డ్_పాశమైలారం

ఫిట్టరన్న లెక్క మంచిగ చెప్పిండు. నేను ఆటోమేటిక్ మెషిన్ల మీద చేస్తున్న, ఒక్క ముచ్చట కలుపుత.

అడుగు ఉబ్బుడు అంతా ఎగ్జాస్ట్ వల్లనే అనుకోకు అన్న. ఐదు కాళ్ల బాటిల్‌కు అడుగున నడిమిట్ల ప్లాస్టిక్ మందంగ ఉంటది, దాంట్ల వేడి జల్ది పోదు. టైమర్ 4 సెకన్లు పెట్టినప్పుడు ఉబ్బుడు ఆగిందన్నవ్ కదా, ఆ రెండు సెకన్లల్ల గాలి పోయింది, మోల్డ్‌ల బాటిల్ చల్లగ కూడ అయింది. ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది? గిట్ల చెయ్: ఎగ్జాస్ట్ 4 సెకన్లే ఉంచి, బ్లో హోల్డ్ టైమ్ ఒక సెకను తగ్గించు. మళ్ల ఉబ్బుడు షురూ అయితే నీ లొల్లి చల్లదనంది. బేస్ ఇన్సర్ట్‌కు (మోల్డ్‌ల అడుగు ముక్కకు) పోయే చిల్లర్ నీళ్లు చేతికి గట్టిగ చల్లగ తగలాలె, మేం 10, 12 డిగ్రీల మధ్య పెడ్తం. సెమీ మెషిన్లల్ల సైడ్ మోల్డ్‌కు నీళ్లు మంచిగనే తిరుగుతయ్, అడుగుకు పోయే సన్న పైపుల సున్నం పేరుకుంటది. ఎవ్వరు చూడరు.

అట్లనే క్విక్ ఎగ్జాస్ట్ పెట్టినంక టైమ్ మిగిలిందని హోల్డ్ టైమ్ కొయ్యకు. ఎగ్జాస్ట్‌ల మిగిలింది మిగులుతది, అది చాలు.

మా దగ్గర పెద్ద మెషిన్లల్ల ఆ ఎగ్జాస్ట్ గాలిని వట్టిగ వదలం. మొదటి భాగం ట్యాంకుల పట్టి ప్రీ-బ్లోకు, సిలిండర్లకు వాడుకుంటరు. రెండు క్యావిటీలకు ఆ ఖర్చు దండగ, చెప్తున్న అంతే.

సోడాబాబు_తెనాలి

పాశమైలారం అన్నా, మీరన్నట్టే హోల్డ్ తగ్గించి చూశాం. ఎగ్జాస్ట్ 4 ఉంచితే ఉబ్బట్లేదు. అంటే గాలిదే సమస్య అనుకోవచ్చు కదా. బేస్ పైపు కూడా విప్పించాను, సున్నం ఉన్న మాట నిజం. యాసిడ్ పెట్టి కడిగించాం.

ఫిట్టర్ గారూ, హైదరాబాద్ డీలర్ ఒకరు 50 బార్ వాల్వు తెప్పిస్తానన్నారు. ఎన్‌పీటీ (అమెరికా కొలత) మర అయితే వెంటనే దొరుకుతుందట, బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) అయితే ఆగాలట. "రెండూ ఒకటే, టేపు ఎక్కువ చుట్టి బిగించండి" అంటున్నారు. మా నాజిల్ బ్లాక్ బీఎస్‌పీ. ఏం చేయమంటారు?

పాత_ఫిట్టర్

ఆగండి. బీఎస్‌పీయే తెప్పించుకోండి.

అరంగుళం, ముప్పావంగుళం సైజుల్లో ఈ రెండు మరలకీ అంగుళానికి 14 చుట్లే. అందుకే చేత్తో తిప్పితే నాలుగు చుట్లు నున్నగా ఎక్కుతుంది, సరిపోయిందే అనిపిస్తుంది. మర కోణం మాత్రం బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. ఎన్‌పీటీ కొస సన్నబడుతుంది కూడా. పట్టు నాలుగు చుట్ల మీదే, అదీ సగం సగం. 6 బార్‌లో లీకు పెట్టి ఊరుకుంటుంది. 35 బార్‌లో, సెకన్లకోసారి కొడుతూ ఉంటే, ఒకరోజు మొత్తం వాల్వే ఊడి ఎగురుతుంది. అది మీ కుర్రాడి మొహం ఎత్తులో ఉంది.

బీఎస్‌పీ ప్యారలల్ మర తీసుకుని, టేపు కాకుండా డౌటీ వాషర్ (లోపలి అంచున రబ్బరు అతికిన లోహపు వాషర్) వేసి కూర్చోబెట్టండి. టేపు ముక్కలు ఈ వాల్వులకి శత్రువులు. చిన్న పోగు సీటు మీద పడినా సన్నగా సుయ్‌మంటూ ఉంటుంది, మీరు వాల్వు చెడిపోయిందనుకుంటారు.

సైలెన్సర్ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తా. కొత్త వాల్వుకి పాత షాపులో దొరికే ప్లాస్టిక్ సైలెన్సర్ పెట్టారంటే మొదటి దెబ్బకే చిప్పలు చిప్పలుగా పోతుంది. గుళికల ఇత్తడిది కూడా వద్దు, చివర బిళ్ల ఊడి బుల్లెట్‌లా పోయినవి నేను చూశాను. 50 బార్‌కి రాసి ఉన్న లోహపు సైలెన్సర్, వాల్వు ఎగ్జాస్ట్ పోర్టు కంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. లేదా ఎగ్జాస్ట్ నుంచి అంగుళం పైపు వేసి పైకప్పు బయట ఒక డబ్బాలోకి వదలండి. ఎక్కడా పైపు సన్నం చేయకండి, చేస్తే మీరు కొన్న సీ 8 మళ్లీ 3 అవుతుంది. సైలెన్సర్ లేకుండా వదిలితే షెడ్డులో పక్కవాడి మాట కాదు, సొంత మాట వినపడదు. 8 గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ హద్దు. ఇది దాన్ని తేలిగ్గా దాటేస్తుంది.

సైలెన్సర్ మీద తెల్లగా మంచు పడితే కంగారు పడొద్దు. అంత ప్రెషర్ నుంచి ఒక్కసారి విచ్చుకున్న గాలి బాగా చల్లబడుతుంది. మీ కృష్ణా డెల్టా తేమకి డ్రయ్యర్ సరిగ్గా పనిచేయకపోతే ఆ మంచు లోపల కూడా కట్టి దారి మూస్తుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి ఎగ్జాస్ట్ మందగిస్తే వాల్వుని తిట్టకుండా డ్రయ్యర్, ఆటో డ్రెయిన్ చూడండి. ఆ నల్లటి జిడ్డు సైలెన్సర్ కూడా ఒక కబురు చెప్తోంది: మీ కంప్రెసర్ నూనె గాలిలోకి వస్తోంది. జనం తాగే సోడా బాటిల్ అది. కోలెసింగ్ ఫిల్టర్ (గాలిలోని నూనె తుంపర్లని పట్టేది) ఎలిమెంట్ మార్చండి. లూబ్రికేటర్ లైన్లో ఉంటే తీసెయ్యండి, వాల్వు కూడా నూనె అక్కర్లేని రకమే అడగండి.

లారీబ్రేకు_ఆటోనగర్

ఫిట్టర్ గారూ, ఒప్పుకున్నా. లారీ వాల్వు లారీకే. డౌటీ వాషర్ మాత్రం మా దగ్గర దొరుకుతుంది, ఎంత కావాలంటే అంత.

సోడాబాబు_తెనాలి

ఆర్డర్ పెట్టేశానండీ: 50 బార్, అరంగుళం బీఎస్‌పీ ప్యారలల్, పాపెట్ రకం, పాలీయురిథేన్ సీటు, సిలిండర్ నుంచి ఎగ్జాస్ట్‌కి సీవీ 2.1 అని క్యాటలాగ్ పేజీ తెప్పించుకుని చూశాకే. సైలెన్సర్ ముప్పావంగుళం, అదే రేటింగ్. వాషర్లకి ఆటోనగర్ అన్న దగ్గరికే వస్తా.

గుంటూరు షాపతను ఇప్పుడు ఆ 10 బార్ వాల్వు వాపసు తీసుకోనంటున్నాడు. ప్యాకింగ్ చిరిగిందట.

పాత_ఫిట్టర్

దాన్ని మోల్డ్ క్లాంప్ సిలిండర్‌కి వాడుకోండి, అది నడిచేది 8 బార్ లోపే. మోల్డ్ తెరుచుకునేటప్పుడు గాలి బయటికి పోయే పోర్టుకి నేరుగా బిగిస్తే తెరుచుకోవడం చురుగ్గా ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ వైపు స్పీడ్ కంట్రోల్ ఉంటే ఇక పనిచేయదు, గాలి దాన్ని దాటుకుని ఇక్కడే పోతుంది. సిలిండర్ చివర కుషన్ స్క్రూ కాస్త బిగించి, మోల్డ్ ఢీకొట్టకుండా చూసుకుని నడపండి. ఢీకొడుతుంటే తీసి అలమరాలో పెట్టెయ్యండి, మోల్డ్ కంటే ఖరీదైనదేం కాదు అది.